సరంగుదిబ్బ గవ్వల దండ

1వ రోజు
గాలి పడమర, తక్కువ. నీళ్లలో చూపు ఎనిమిది బారలు. సొరలు పదిహేను బారల లోతున. టేకులు: రెండు సంఖ్యలున్నాయి, కింద రాశాను.

రాస్తున్నది సూరాడ ముత్యాలు, వయసు ఇరవై. సరంగుదిబ్బలో ఇంతవరకూ లెక్క చెప్పినవాళ్లున్నారు గాని రాసినవాళ్లు లేరు. మా ఇంట్లో అయితే నాకు ముందు అక్షరం దిద్దినవాళ్లే లేరు. అందుకని మొదటి పేజీ శుభ్రంగా ఉంచుదామనుకున్నాను. తడి చేతులతో పట్టుకోవడం వల్ల అప్పుడే మరకైంది.

ఈ పుస్తకం మాది కాదు. ఒకప్పుడు సొరలతో, టేకులతో కలిసి ఈదడానికి ఈ దీవికి ఎక్కడెక్కడి నుంచో జనం వచ్చేవాళ్లట. వాళ్లు సంతకాలు పెట్టి వెళ్లిన పుస్తకం ఇది. సగం ఖాళీ. వాళ్లు వదిలేసిన గదుల్లోనే మేం ఉంటున్నాం. వాళ్లు వదిలేసిన సిలిండర్లలోనే గాలి నింపుకుని మునుగుతున్నాం. నాతో మునిగే తోడు మసేను బావకి ఈ సంగతి ఇప్పటికీ మింగుడుపడదు. "సొరని సూడ్డానికి డబ్బులిచ్చీవోళ్లా? మరి సొర ఆళ్లకేటిచ్చీది?" అంటాడు.

కొర్లమ్మ పెద్దమ్మ ఇరవై ఆరేళ్లు ఇక్కడ లెక్కగత్తెగా చేసింది. పోయిన నెల ఆమె చెవిపొర చిరిగింది, ఇక మునగకూడదు. ఇవాళ పొద్దున తన దండ తీసి నా మెడలో వేసింది. వలతాడుకి గుచ్చిన గవ్వలు, నలభై ఏడు. ఒక్కో గవ్వ ఒక్కో టేకు. బడి పుస్తకంలో వీటిని మంటా అని రాశారు. రెక్కలు చాపితే పడవంత వెడల్పు ఉంటాయి.

పగడపు గుట్ట నిట్టనిలువుగా లోతుకి దిగేచోటుని మేం గోడ అంటాం. గోడ పైభాగాన ఒక బల్లరాయి ఉంది. టేకులు ఆ రాయి మీదికి వచ్చి ఆగుతాయి, చిన్న చేపలు వాటి ఒళ్లు శుభ్రం చేస్తాయి. మేం కింద వెల్లకిలా పడుకుని వాటి కడుపులు చూస్తాం. ఏ రెండు టేకులకీ కడుపు మీది చుక్కలు ఒక్కలా ఉండవు. అలా గుర్తుపడతాం.

ఇవాళ తొమ్మిది వచ్చాయి.

పైకి వచ్చి పెద్దమ్మకి చెప్పాను. ఆమె వల మరమ్మతు చేస్తోంది, తలెత్తలేదు. "రానోళ్లు రేపొస్తారు. నలభై ఏడు సెప్పు."

"ముప్పై ఎనిమిది రాలేదు పెద్దమ్మా."

"లెక్కేటో నాకు తెల్దేటి? సెప్పమన్నది సెప్పు."

రేడియోలో కేంద్రం అడిగింది. అవతల ఉన్నది మనిషి కాదు. గట్టు మీది యంత్రం, ఎప్పుడూ ఒకటే గొంతు. గట్టు అంటే అవతలి పెద్ద నేల, మాకు ఓడలో రెండున్నర రోజుల దూరం.

"సరంగుదిబ్బ, సంఖ్య చెప్పండి."

నలభై ఏడు అన్నాను. మొదటి రోజే పెద్దదాన్ని కాదనడం బాగుండదనిపించింది.

3వ రోజు
సొరలు పద్నాలుగున్నర బారలు. టేకులు తొమ్మిది.

అవే తొమ్మిది. వాటి కడుపుల బొమ్మలు గీసుకున్నాను. నలభై ఏడు గళ్లు కొట్టి పెట్టాను, ముప్పై ఎనిమిది ఖాళీగా ఉన్నాయి.

గవ్వలకి పేర్లున్నాయి. మా దగ్గర మనిషి సముద్రంలోకి పోయి శవం దొరకకపోతే, పదకొండో రోజున లెక్కగత్తె మునుగుతుంది. అప్పటిదాకా పేరు లేని టేకునొకదాన్ని వెతికి, కడుపు చూసి, పైకి వచ్చి ఇంటివాళ్లకి చెబుతుంది. "మీవోడు కనబడ్డాడు. మెడకాడ రెండు సుక్కలు, తోకకాడ కొడవలి." అప్పుడు దండలోకి ఒక గవ్వ ఎక్కుతుంది. అప్పుడే ఆ ఇంట్లో పొయ్యి వెలుగుతుంది. ఆ తర్వాత ప్రతి పున్నమికీ ఇంటివాళ్లు ఒడ్డుకొచ్చి "వొచ్చినాడా?" అని అడుగుతారు. లెక్కగత్తె "వొచ్చినాడు" అంటుంది.

ఎక్కిన గవ్వని తీయడం అనేది లేదు. తీస్తే ఆ మనిషిని రెండోసారి నీళ్లలోకి తోసినట్టు.

దండలో ముప్పై ఒకటో గవ్వ మా అమ్మది. దాని అంచు విరిగి ఉంటుంది. నాకు తొమ్మిదేళ్లప్పుడు అమ్మ ఎక్కిన పడవ తిరిగి రాలేదు. కడుపు మీద ఎడమ పక్కన అయిదు చుక్కలు, చిన్నపిల్ల పెట్టిన ముగ్గులా వంకరగా ఉంటాయని పెద్దమ్మ చెప్పింది. నేను మునగడం నేర్చుకున్నదే ఆ చుక్కలు చూడటానికి.

ఆ గడి కూడా ఖాళీ.

7వ రోజు
సొరలు పదమూడు బారలు. టేకులు తొమ్మిది. కేంద్రానికి నలభై ఏడు.

నాన్న రోజూ పొద్దున్నే చిన్న పడవ వేసుకుని, పగడపు గుట్టకి ఇవతలున్న మడుగు మధ్యకి వెళ్తాడు. తెడ్డు నీళ్లలో దించి, పైన పిడికి చెవి ఆనిస్తాడు. పాతకాలపు వాళ్లు అలాగే చేపని వినేవాళ్లు. ఇప్పుడు చేప కోసం కాదు, అలవాటు. పగడాల సందుల్లో చిటికెలు వేసే చిన్న రొయ్యలుంటాయి. వేల రొయ్యల చిటికెలు కలిసి, మూకుడులో పేలాలు వేగుతున్నట్టు వినిపిస్తాయి. నాన్న ఒడ్డుకొచ్చి "ఏగుతున్నాయే" అంటాడు. అంటే అంతా బాగుందని.

ఇవాళ మునిగినప్పుడు గోడ వెంట కిందికి దిగాం. పదమూడు బారల దగ్గర పేలాల చప్పుడు ఆగిపోయింది. తగ్గడం కాదు, తలుపు మూసినట్టు ఆగిపోయింది. సొరలన్నీ సరిగ్గా ఆ గీతకి పైనే ఉన్నాయి. ఎప్పుడూ విడివిడిగా తిరిగే బూడిదరంగు సొరలు, ఇవాళ యాభై అరవై ఒకే ఎత్తులో గుంపుగా తిరుగుతున్నాయి. కింద నేలేదో ఉన్నట్టు, దానికి పొట్టలు తగలకుండా చూసుకుంటున్నట్టు.

పైకి రాగానే అడిగాను. "పదమూడు దగ్గర చప్పుడు లేదు, విన్నావా బావా?"

"నీ సెవిలో నీళ్లెల్లినాయేమో పంతులమ్మా" అన్నాడు. కాని నవ్వలేదు. సిలిండరు విప్పుతూ తనే అన్నాడు. "మూగనీరు."

ఆ మాట మా దగ్గర పిల్లల ముందు అనరు. మూగనీరులో గాలి ఉండదు, ఏదీ బతకదు. అది అడుగు నుంచి పైకి లేస్తుంది. పైదాకా వచ్చి తెరుచుకుంటే కుళ్లిన గుడ్ల వాసనతో విషగాలి వస్తుంది. మూడేళ్ల కిందట ఉప్పుదిబ్బలో ఒక్క పొద్దుటిపూటే రెండు వందల పన్నెండు మంది పోయారు. గుమ్మాల్లో కూర్చున్నవాళ్లు కూర్చున్నట్టే ఉన్నారట.

నీళ్లు చెడుతున్నాయని ముందు తెలిసేది టేకులకి. అవి వెళ్లిపోతాయి. సొరలు పోవు, పైకి వస్తాయి. కేంద్రం ఒకప్పుడు నీళ్లలోకి పరికరాలు దించేది. మూడు నెలలకే గుల్లలు పట్టి అవి పాడయ్యేవి. అందుకని టేకుల లెక్కనే నమ్ముకుంది. ఏ దీవిలోనైనా లెక్క పదిహేను కన్నా తగ్గితే ఓడ పంపుతుంది. తగ్గకపోతే పంపదు. ఏడు దీవులకీ ఉన్నవి రెండే ఓడలు.

మా దండలో గవ్వలు పెరగడమే గాని తగ్గడం లేదు.

11వ రోజు, పున్నమి
సొరలు పది బారలు. టేకులు తొమ్మిది.

పొద్దున్నే అందరూ ఒడ్డుకొచ్చారు. లెక్కగత్తెగా నాకిది మొదటి పున్నమి. అబద్ధం చెప్పకూడదని ముందురోజే అనుకున్నాను. ఖాళీ గళ్లున్న పేజీ తీసి చూపిద్దామని పుస్తకం కూడా పట్టుకెళ్లాను.

మొదట పైడితల్లి పిన్ని వచ్చింది. ఉతికిన చీర కట్టుకుంది, తలకి నూనె రాసుకుంది. "మా లక్కోడు వొచ్చినాడా?" అంది. ఆమె మొహం చూసి "వొచ్చినాడు పిన్నీ" అన్నాను. ఒకసారి అన్నాక తర్వాతవి కష్టం కాలేదు.

చివరికి నాన్న వచ్చాడు. "మీ అమ్మొచ్చిందా?"

"వచ్చింది నాన్నా. నా మీంచి వెళ్తూ ఎడమ రెక్క ఊపింది."

రెక్క సంగతి ఎందుకు చెప్పానో తెలీదు. నాన్న ఇవాళ రెండుసార్లు అన్నం పెట్టించుకున్నాడు.

సాయంత్రం కేంద్రం పున్నమి వివరాలు పేరుపేరునా అడిగింది. ఎవరెవరు వచ్చారో అన్నీ నా గొంతుతో చెప్పాను. మా అమ్మ ఎల్లమ్మ పేరు కూడా.

13వ రోజు
సొరలు ఏడు బారలు. టేకులు తొమ్మిది, ఒకదాని వెనక ఒకటి నీటిపైనే తిరుగుతున్నాయి. బల్లరాయి దగ్గరికి దిగడం లేదు.

అమ్మ వెండి పట్టీలు నేను తీయను, మునిగేటప్పుడు కూడా. ఇవాళ పైకి వచ్చి చూసుకుంటే మసిపట్టినట్టు నల్లబడ్డాయి. చింతపండుతో తోమాను, మెరిశాయి. మధ్యాహ్నం మళ్లీ మునిగి వచ్చేసరికి మళ్లీ నలుపు.

గట్టు బడిలో సైన్సు చెప్పిన మేడం ఒకసారి కుళ్లిన గుడ్డు పక్కన వెండి ఉంగరం పెట్టి మూత వేసింది. మర్నాడు తీస్తే ఉంగరం నల్లగా ఉంది. అందరం ముక్కులు మూసుకుని నవ్వాం. నేను ఆ గాలి పేరు, అది ఎందుకు నలుపు చేస్తుందో, పరీక్షలో పదికి పది రాశాను.

పట్టీలు పెద్దమ్మకి చూపించాను. చేత్తో పట్టుకుని ఎండలో అటూ ఇటూ తిప్పింది. "పాత వెండి అలాగే ఉంటాది" అంది. కాని తన కాళ్లు చీర కుచ్చెళ్ల కిందికి లాక్కుంది. ఆమె వెండి కడియాలు అప్పటికే నల్లగా ఉన్నాయి.

14వ రోజు
సొరలు ఆరు బారలు.

పొద్దున రేడియోలో తొమ్మిది అని చెప్పాను.

"మునుపటి సంఖ్య నలభై ఏడు. పున్నమి వివరాలు నలభై ఏడు. మూడు రోజుల్లో ఇంత తగ్గుదల సాధ్యం కాదు. సంఖ్య అంగీకరించబడలేదు."

"మునుపటి సంఖ్య తప్పు."

"తప్పిన ప్రతి టేకుకీ పేరు, చివరిగా చూసిన కాలం, ఇంటి సాక్షి గొంతు కావాలి. సాక్షి లేని తొలగింపు చెల్లదు."

నలభై ఏడులోంచి ముప్పై మూడు పోతే పద్నాలుగు. ముప్పై మూడు గవ్వలకి ఇంటివాళ్లు వచ్చి రేడియోలో నోటితో చెప్పాలి: మావాడు రాలేదు అని.

ఓడ లేకుండా పడవల్లో వెళ్లిపోదామంటే, మా ఆరు పడవల్లో తాగునీళ్లు మూడు రోజులకి మించి పట్టవు. ఓడ బయల్దేరకపోతే మమ్మల్ని వెతికేవాళ్లుండరు.

ఒక్క మాట అడగాలనిపించింది. "ఉప్పుదిబ్బ చివరి సంఖ్య ఎంత?"

"అరవై రెండు. ఘటన జరిగిన రోజు ఉదయం ఆరు గంటల పది నిమిషాలకి."

రేడియో కట్టేసి పెద్దమ్మ దగ్గరికి వెళ్లాను. "ఉప్పుదిబ్బలో లెక్క చెప్పింది ఎవరు పెద్దమ్మా?"

"మా సెల్లి దాలమ్మ."

"ఆమెకి దండ గుచ్చడం నేర్పింది ఎవరు?"

ఆమె చేతిలో వల సూది ఆగిపోయింది. "ఎల్లవే ఇక్కణ్ణించి" అంది.

వెళ్లలేదు. అరవై రెండు అని చెప్పాను. ఆమె నన్ను చూడలేదు. సూదిలోకి దారం ఎక్కించబోయింది. మూడుసార్లు ప్రయత్నించినా ఎక్కలేదు. సూది పక్కన పెట్టేసి లోపలికెళ్లి తలుపేసుకుంది.

15వ రోజు
సొరలు నాలుగు బారలు. పడవలోంచే కనబడుతున్నాయి.

బోరింగు దగ్గర అందరికీ చెప్పాను. కాసులు చినాన్న ముందుగా లేచాడు. ఆయన ఇద్దరు కొడుకులు దండలో ఉన్నారు. "గట్టుకి పంపి సదివించింది ఇందుకేటే? సచ్చినోళ్లని మళ్లీ సంపడానికా?"

"సొరలు నాలుగు బారల దగ్గరున్నాయి చినాన్నా."

"సొరలు నిన్నా ఉన్నాయి, మొన్నా ఉన్నాయి. మా గుంటలిద్దర్నీ తీసీమంటే నాను తీను." కుండ ఎత్తుకుని వెళ్లిపోయాడు.

ఎవరూ కదల్లేదు. అప్పుడు మసేను బావ రేడియో గది వైపు నడిచాడు. నేను వెనకే పరిగెత్తాను. కుర్చీలో కూర్చుని గొంతు సవరించుకున్నాడు. ఎప్పుడూ వెక్కిరించే మనిషి, మైకు ముందు చేతులు ఒళ్లో పెట్టుకున్నాడు.

"మా అన్న ఎల్లాజీ. మూడేళ్లయింది రాక."

"చివరిగా చూసింది ఎవరు?"

"నానే. నానెప్పుడూ నీళ్లలోనే ఉంటాను కదా. నాకు తెల్దేటి." తర్వాత నా వైపు తిరిగాడు. "పున్నం పున్నానికీ మాయమ్మతో పాటు నానూ ఎల్లి అడిగినాను సూడు. ఎందుకడిగినానంటావు?"

"ఒక తొలగింపు. నలభై ఆరు" అంది యంత్రం.

మధ్యాహ్నానికి వరస కట్టారు. పైడితల్లి పిన్ని కొడుకు పేరు చెప్పి, నాలుగు పున్నాల కిందటే రాలేదంది. గుమ్మం దాటుతూ ఆగింది. "మొన్న నువ్వు వొచ్చినాడన్నప్పుడే నాకు తెల్సే. నీకు అబద్ధం ఆడ్డం రాదు, సెవులు ఎర్రబడతాయి. అయినా ఎల్లి అన్నం తిన్నాను."

ఒకామె పేరు చెప్పబోయి చెప్పలేక వెళ్లి, ముఖం కడుక్కుని మళ్లీ వచ్చి చెప్పింది. ఒక తాత తమ్ముడి పేరు మర్చిపోయాడు. ఇన్నేళ్లూ 'ఆడు' అనే అనుకున్నాడట. పక్కింటివాళ్లు గుర్తుచేశారు.

పొద్దుగూకేసరికి ఇరవై ఎనిమిది. లెక్క పంతొమ్మిదికి వచ్చింది. కాసులు చినాన్నవి రెండు, ఇంకో మూడిళ్లవి మూడు, వాళ్లు తలుపు తీయలేదు. ఇక మిగిలినవి అయిదే. నాలుగు కొర్లమ్మ పెద్దమ్మవి. అయిదోది మా అమ్మ.

16వ రోజు
సొరలు మడుగులోకి వచ్చేశాయి. నడుం లోతు నీళ్లలో, ఇసుక మీద వరసగా, నోళ్లు తెరుచుకుని ఉన్నాయి. ఈదడం లేదు. పక్కనుంచి నడిచినా తొలగడం లేదు. గోడ దగ్గర రెండు బారల కింద అంతా పాలు విరిగినట్టున్న నీళ్లు. టేకులు లేవు. తెల్లారగానే తొమ్మిదీ బారులు తీరి ఈశాన్యం వెళ్లాయని, గుడ్డిమిట్ట వైపేనని బావ చెప్పాడు. చంటిపిల్లల వెండి మొలతాళ్లు నల్లబడ్డాయి. రోజుకెన్ని బారలు తగ్గుతోందో లెక్క వేశాను. రేపు మధ్యాహ్నం లోపు మూగనీరు పైకి వచ్చేస్తుంది.

నాన్న పడవ దగ్గర ఉన్నాడు.

"అమ్మ పేరు చెప్పాలి నాన్నా."

"పున్నం నాడు వొచ్చిందన్నావు."

"అబద్ధం చెప్పాను."

"రెక్క ఊపిందన్నావు."

"ఊపలేదు. ఆ చుక్కలున్న టేకుని నేను ఒక్కసారి కూడా చూడలేదు."

నాన్న తెడ్డు తీసుకుని పడవ నీళ్లలోకి తోశాడు. మడుగు మధ్యకి వెళ్లిపోయాడు.

రేడియో దగ్గరికి వెళ్లి అసలు సంగతి చెప్పేద్దామనుకున్నాను. పున్నమి రోజు పేర్లు చదివింది నా గొంతే. అది అబద్ధమని చెప్పకుండా ఏ పేరు తీసినా అందులో సగమే నిజం.

చెప్పాను. యంత్రం నమోదు చేసుకుంది. తర్వాత అంది: "లెక్కదారు గత నివేదిక అబద్ధమని అంగీకరించారు. లెక్కదారు మాట నమ్మదగినదా అనేది పరిశీలనలో ఉంది. ఇరవై ఎనిమిది తొలగింపులు నిలిపివేయబడ్డాయి. ప్రస్తుత సంఖ్య నలభై ఏడు."

మైకు ముందు అలాగే కూర్చున్నాను. పుస్తకంలో మొదటి పేజీ తీసి, నేను రాసుకున్నది చదువుకున్నాను. పెద్దదాన్ని కాదనడం బాగుండదనిపించింది, అని ఉంది.

వెనక చప్పుడైంది. కొర్లమ్మ పెద్దమ్మ. వలలు కోసే కత్తి ఉంది చేతిలో.

"లెగు" అంది. లేచాను. కుర్చీలో కూర్చుంది. "నాను కొర్లమ్మని. సరంగుదిబ్బ."

"మునుపటి లెక్కదారు గొంతు గుర్తించబడింది."

"గుర్తుంటాది. ఇరవై ఆరేళ్లు ఇన్నావు. ఈ ముత్యాలు గుంట తనకి తానుగా అబద్ధం ఆడలేదు. ఆడించింది నాను. నా దగ్గరున్నప్పుడు నీకు సెప్పిన లెక్కల్లో సగం నా కంటితో సూసినవి కావు. నిన్న ఆళ్లు సెప్పినవి నిజం. ఎవులెవులు ఎప్పుడు రావడం మానీసినారో ఒక్కొక్కరిదీ నాకు తెల్సు, రాసుకో."

చెప్పింది. ఇరవై ఎనిమిదిమందివీ చెప్పింది, ఏ ఏడు, ఏ నెల, ఏ గాలి వీస్తున్నప్పుడు. ఇన్నేళ్లూ ఒక్కటీ మర్చిపోలేదు. ఏడుస్తుందేమో అనుకున్నాను. ఏడవలేదు. సంతలో సరుకులు అప్పగిస్తున్నట్టు చెప్పింది.

"తొలగింపులు పునరుద్ధరించబడ్డాయి. పంతొమ్మిది."

అప్పుడు నన్ను దగ్గరికి రమ్మంది. నా మెడలో దండని కత్తితో తెంపింది. గవ్వలు బల్ల మీద జారాయి. వాటిలోంచి నాలుగు ఏరి విడిగా పెట్టింది. "నా మొగుడు సోమన్న. పెద్దోడు. సిన్నోడు." నాలుగోది వేలితో కొంచెం దూరంగా జరిపింది. "దాలమ్మ. ఇది ఒడ్డు మీదే పోయింది. అయినా గవ్వ ఎక్కించినాను. ఎక్కించకూడదు. ఇదెప్పుడూ రాలేదు."

"పదిహేను" అంది యంత్రం. "సంఖ్య పరిమితికి తగ్గలేదు."

ఇంకొక్కటి.

గుమ్మంలో నాన్న నిలబడి ఉన్నాడు. ఎప్పుడొచ్చాడో. తెడ్డు ఇంకా చేతిలోనే ఉంది, నీళ్లు కారుతున్నాయి. పెద్దమ్మ లేచి కుర్చీ చూపించింది. కూర్చోలేదు. నిలబడే వంగి మైకులోకి అరిచినట్టు మాట్లాడాడు.

"సూరాడ ఎర్రయ్య. నా ఆడమనిషి ఎల్లమ్మ. రాలేదు."

"చివరిగా చూసింది ఎప్పుడు?"

నాన్న నా వైపు చూశాడు. "పడవెక్కినప్పుడు" అన్నాడు. "గంజి గిన్నె మర్సిపోయింది, అందించినాను. అదే."

"పద్నాలుగు. సంఖ్య అంగీకరించబడింది. ఓడ అరవై గంటల్లో చేరుతుంది."

అరవై గంటలు. మాకున్నవి ఇరవై నాలుగు కూడా కావు. ఓడని గుడ్డిమిట్టకి రమ్మని అడిగాను. మేం అక్కడ ఉంటామన్నాను. స్థానం నమోదైంది అంది.

గుడ్డిమిట్ట ఈశాన్యంగా పడవలో ఒక పగలూ ఒక రాత్రీ దూరం. నీళ్లపైకి కనబడని పగడపు మిట్ట. చుట్టూ ఏ కొండా కనబడదు కాబట్టి గుర్తు పెట్టుకోవడానికి ఏమీ లేదు, అందుకే ఆ పేరు. నాన్న పడుచువాడిగా ఉన్నప్పుడు రెండుసార్లు వెళ్లాడు, తెడ్డుతో విని పట్టుకున్నాడు. టేకులు అటే వెళ్లాయంటే అక్కడ నీళ్లింకా బతికున్నట్టు. లేదా అవి దారిలో అక్కడ ఆగకుండా ఇంకా దూరం వెళ్లినట్టు.

మూటలు కడుతుంటే నాన్న పక్కకొచ్చాడు. "మడుగులో పేలాలు ఏగడం మానీసి మూడు రోజులయింది" అన్నాడు. "నాను సెప్పలేదు."

మూడు రోజులుగా రోజూ పొద్దున ఒడ్డుకొచ్చి "ఏగుతున్నాయే" అంటూనే ఉన్నాడు.

18వ రోజు, పడవలో
టేకులు: కనబడలేదు. సొరలు: కనబడలేదు.

నిన్న తెల్లారకముందే బయల్దేరాం. ఆరు పడవలు, నూట ముప్పై తొమ్మిది మంది. కాసులు చినాన్న వాళ్లు చివర్లో వచ్చారు. చివరి పడవ ఎక్కారు. సిలిండర్లు ఇరవై రెండు తెచ్చాం, ముందు పిల్లలకని. వాసన నిన్న మధ్యాహ్నమే అందుకుంది. అప్పటికి మేం బాగా దూరం వచ్చాం గాని గాలి మా వెనకే వచ్చింది. తిరిగి చూస్తే దీవి చుట్టూ నీళ్లు ఆకుపచ్చగా, చిక్కగా ఉన్నాయి. దీవి మీది పక్షులు ఒక్కటీ లేవలేదు.

ఇప్పుడు తెల్లారింది. నాన్న లెక్క ప్రకారం గుడ్డిమిట్ట ఇక్కడే ఎక్కడో ఉండాలి. చుట్టూ ఒకటే నీళ్లు. పడవల్ని తాళ్లతో కలిపి కట్టాం. బావ ముక్కు దగ్గర చెయ్యి పెట్టుకుని గాలి ఎటుందో చూస్తున్నాడు. పెద్దమ్మ ఒళ్లో గవ్వలన్నీ చెంగులో మూటకట్టి ఉన్నాయి, తాడు లేదు. ఆమె ఎదురుగా కూర్చున్న ఒక పిల్ల, పడవ కిందికి తొంగిచూసి టేకు కనబడితే దానికి ఎవరి పేరు పెడతావని అడిగింది. "పేరొద్దు. కనబడితే సెప్పు సాలు" అంది పెద్దమ్మ.

నాన్న తెడ్డు అందుకున్నాడు. నేను ఆయన చెయ్యి పట్టుకున్నాను.

"నాన్నా. పేలాలు వినబడితేనే వినబడ్డాయని చెప్పు."

"అలాగేనే."

"నా మొహం చూసి చెప్పొద్దు."

తల ఊపాడు. నాకు వీపు తిప్పి కూర్చున్నాడు. తెడ్డు నీళ్లలోకి దించి, పిడికి చెవి ఆనించి, కళ్లు మూసుకున్నాడు. ఎవరూ చెప్పకుండానే అందరూ మాటలు ఆపేశారు. పాలు తాగే పిల్లలు కూడా ఎందుకో ఊరుకున్నారు. ఆరు పడవల్లోనూ చప్పుడు లేదు. నేను రాసే పెన్సిలు చప్పుడొక్కటే వస్తోంది, దాన్నీ ఆపేస్తాను.

బారెడు పొద్దెక్కింది. నాన్న ఇంకా చెవి తీయలేదు.